బోరు నీళ్లకు పుట్టిన రొయ్యలు

నేను రిటైరైనప్పుడు నాకు ముప్పై నిండలేదు. ప్రాజెక్టు ఉద్యోగాల్లో ఉన్న సౌకర్యమే అది. గడువు తీరిన రోజు తిరుపతిలో మా విభాగంవాళ్లు నాకు శాలువా కప్పారు, సమోసా పెట్టారు, నలుగురు లేచి నాలుగు మంచి మాటలు చెప్పారు. వాళ్లలో ఇద్దరు నా పేరు తప్పు పలికారు. శాలువా మళ్లీ తీసుకున్నారు. మధ్యాహ్నం పక్క విభాగంలో ఒకాయన నిజంగా రిటైరవుతున్నాడట.

అయినా రిటైరైనవాడికి ఉండే హక్కు నాకూ ఉంది. చిన్నవాళ్లను కూర్చోబెట్టి, "మా రోజుల్లో" అని మొదలుపెట్టే హక్కు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా రోజులంటే నిన్నా మొన్నా. కాస్త ఓపిగ్గా వినండి.

మా ప్రాజెక్టు ఎండిపోయే ఏర్ల గురించి. ఏడాదిలో కొన్నాళ్లు పారి, మిగతా కాలమంతా ఇసుకగా, గులకరాళ్లుగా పడి ఉండే ఏర్లు. మన వైపు ఏరంటేనే అది. అందులో బతికే చిన్న జీవులు, వెన్నెముక లేనివి, ఏరు ఎండినప్పుడు ఎక్కడికి పోతాయి, నీళ్లొచ్చిన వెంటనే ఎక్కడినుంచి ఊడిపడతాయి అన్నది మా ప్రశ్న. దీనికి జవాబు వెతికేది మా సారు, ఆయన దగ్గర పరిశోధన చేసే అక్క. జవాబును జనానికి అర్థమయ్యేలా చెప్పే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగానికి నాకున్న అర్హత, కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ గారిని అనుకరించి సస్పెండ్ కాకుండా బయటపడటం.

సారు పాతికేళ్లుగా ఒకే ఏటి వెంట తిరుగుతున్నాడు. పెళ్లైన కొత్తలో ఆయన భార్య, "ఏరా, నేనా?" అని అడిగిందట. సారు ఆలోచించుకుని చెబుతానన్నాడట. ఇది సారే చెప్పాడు, నవ్వకుండా.

వడమాలపేట దగ్గర మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోతే ఒక ఊరు వస్తుంది. పేరు చెప్పను, చెబితే సర్పంచి ఫ్లెక్సీ వేయిస్తాడు. ఆ ఊరి పక్కన ఏరు పెద్ద ఒంపు తిరుగుతుంది. ఏరంతా ఎండినా ఆ ఒంపులో గుంటలు కొన్నాళ్లు నిలుస్తాయి. అవీ ఎండాక అడుగున నల్లటి మట్టి నెర్రెలు విచ్చి, పగిలిన పింగాణీ పళ్లెంలా ఉంటుంది. చూసేవాడికి అది చచ్చిన నేల. సారుకు మాత్రం అది నిండు గర్భిణి. ఆ మట్టిలో కంటికి ఆనని గుడ్లు ఏళ్ల తరబడి ఎండను ఓర్చుకుని పడుకుంటాయి. సరైన నీళ్లు తగిలితే చాలు, లేచి కూర్చుంటాయి. అలా లేచేవాటిలో రాణి ఒక చిన్న రొయ్య. ఒళ్లంతా గాజులా పారదర్శకం, వెల్లకిలా ఈదుతుంది. మనం ఆదివారం మంచం మీద పడుకున్నట్టు, కాళ్లు పైకి పెట్టి.

గొడవ ఆ ఒంపు దగ్గరే వచ్చింది. మామిడి కోతలప్పుడు ఆ ఊరి దగ్గర్లోని గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు, మినీ లారీలు బారులు తీరతాయి. రోడ్డు మూసుకుపోతుంది, కాయలు బండ్ల మీదే మాగిపోతాయి, డ్రైవర్లు ఒకరి తల్లులను ఒకరు తలుచుకుంటారు. బండ్లు నిలుపుకోవడానికి జాగా కావాలి. అబద్ధపు అవసరం కాదు, నిజమైనదే. సర్పంచి కూడా తోటలున్న రైతే. ఆయన కన్ను ఒంపు మీద పడింది. గ్రావెల్ తోలి చదును చేస్తే ఊరికి బ్రహ్మాండమైన జాగా. కోతలు మొదలయ్యేలోపు గ్రామసభలో తీర్మానం పెడతానన్నాడు.

తీర్మానం నెగ్గితే సారు పాతికేళ్ల ఏరు గ్రావెల్ కింద పోతుంది. గుడ్లు ఎండను తట్టుకుంటాయి గానీ, ట్రాక్టర్ టైర్లను తట్టుకునేలా దేవుడు వాటిని చేయలేదు.

"గ్రామసభకు ముందు మనం ఊరికి పోయి చెబుదాం," అన్నాడు సారు.

"జనానికి అర్థమయ్యేలా," అన్నాను నేను, ఉద్యోగ ధర్మంగా.

"అర్థమయ్యేలానే చెబుతా," అన్నాడు సారు. అప్పుడే నాకు భయం వేసింది.

భయం నిజమే అయింది. పంచాయతీ ఆఫీసు వరండాలో తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి, సారు "అకశేరుకాలు" అనే మాటతో మొదలుపెట్టాడు. రెండో బొమ్మకే ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తాడు.

"సార్, ఆ అకశేరుకాలంటే ఏంది సార్?"

"వెన్నెముక లేని జీవులు."

"అయ్యో పాపం. పక్కనే పుత్తూరు కదా సార్, కట్టు కట్టిచ్చుంటే సరిపోయేది."

ఎముకల కట్టుకు ఊళ్లు దాటి జనం పుత్తూరుకు వస్తారని మీకు తెలుసు. వరండా అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. సారు నన్ను చూశాడు. నేను దగ్గుగా మార్చుకున్నాను. ఆ తర్వాత కరెంటు పోయింది. ఆ రోజు మాకు జరిగిన మేలు అదొక్కటే.

తిరుగు బస్సులో సారు ప్రొజెక్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క తక్కువ మాటల మనిషి. చిత్తూరు కోర్టు దగ్గర పత్రాలు రాసే ఇంట్లో పుట్టింది, ఒక్క మాట ఎక్కువైనా కొట్టేస్తారని చిన్నప్పుడే తెలుసు. బస్సు రేణిగుంట దగ్గర పడుతుంటే అంది: "బొమ్మలు వద్దు సార్. వాళ్ల మట్టి, వాళ్ల ముందరే తడుపుదాం. లేచేవి వాటంతటవే లేస్తాయి. మనం నోరు మూసుకుంటే చాలు."

జనానికి చెప్పే ఉద్యోగం చేసేవాడికి ఇంతకంటే అవమానం లేదు. కానీ ఐడియా బాగుంది.

తర్వాతి వారం ఒంపులోంచి ఎండు మట్టి తవ్వి, ప్లాస్టిక్ తొట్టిలో పరిచి, పంచాయతీ వరండాలో పెట్టాం. ఫిల్టరు చేసిన క్యాను నీళ్లు తెప్పిస్తామని అక్క అంటే సర్పంచి ఒప్పుకోలేదు. సర్పంచి భారీ మనిషి, తెల్లచొక్కా, మీసం చివర మెలి. అప్పుడే కొత్త బోరు వేయించాడు. అంతకుముందు వేయించినవన్నీ దుమ్ము కక్కాయి. ఇది ఒక్కటి నీళ్లు పోసింది. కొత్తగా పుట్టిన మనవడి ఫోటో చూపించినట్టు ఆ బోరు వీడియో వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

"మా ఊరి మట్టికి బయటి నీళ్లేంది? మా బోరు నీళ్లు పోస్తా. రాయి మీద పోసినా మొలకెత్తాల!"

బిందెతో నీళ్లు వచ్చాయి. వెనకే మహిళా సంఘం వచ్చింది. సంఘానికి పెద్ద ఒకామె, అందరికీ పెద్దమ్మే. తొట్టిని చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏం సామీ, కొత్త పని మొదలుపెడతా ఉండారు, పసుపు కుంకుమ లేకుండానా? కొత్త మోటారుకు పెడతాం, కొత్త బండికి పెడతాం. పిల్లలు పుట్టాల్సిన తొట్టికి పెట్టకుంటే ఎట్లా?"

కాదనడానికి సారుకు ధైర్యం చాలలేదు, నాకు మనసు రాలేదు. తొట్టి చుట్టూ బొట్లు పెట్టారు. అంచున వేపరొట్ట కట్టారు. నీళ్లలో చిటికెడు పసుపు వేశారు. ఆ ఊరి చిటికెడు మన గుప్పెడు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు కూడా కాసిని చల్లారు. అక్క ఒక్కతే గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. దండం పెడుతోందనుకున్నారు అందరూ.

వారం తర్వాత వెళ్లి చూస్తే తొట్టిలో పచ్చటి తెట్టు తప్ప ఏమీ లేదు. పురుగు లేదు, రొయ్య లేదు, ఆఖరికి దోమపిల్ల కూడా లేదు. సారు భూతద్దం పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు పోయాడు. వెనక జనం.

"ఏం సార్, మీ పురుగులు లీవు పెట్టినాయా?" అన్నాడు సర్పంచి. వెటకారమే, కానీ ఎక్కడో కొంచెం నొచ్చుకున్నట్టు కూడా ఉంది. పోసింది ఆయన బోరు నీళ్లు కదా.

ఇక్కడ మామూలుగా మా లాంటివాళ్లు చేసే పని ఒకటుంది. సామాను సర్దుకుని, తిరుపతి పోయి, "గ్రామీణ ప్రాంతాల్లో శాస్త్రీయ దృక్పథం లోపించినది" అని నివేదిక రాసుకోవడం. నేను అప్పటికే మొదటి వాక్యం మనసులో రాసేశాను. అక్క మాత్రం చేతిసంచిలోంచి పెన్నులాంటి మీటరు తీసింది. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపించే మీటరు, ఇళ్లకు ఫిల్టర్ అమ్మడానికి వచ్చేవాళ్ల చేతిలో చూసే ఉంటారు. బోరు నీళ్లలో ముంచింది. అంకె ఎక్కడికో పోయింది.

"ఉప్పు ఎక్కువ సార్," అంది. "గుడ్లకు తెలిసింది ఒకటే లెక్క. ఉప్పు నీళ్లు తగిలాయంటే గుంట ఎండిపోతా ఉందని అర్థం. అప్పుడు పుడితే చావే. తియ్యటి నీళ్లు తగిలితే కొత్త వాన పడిందని అర్థం. అందుకని పడుకునే ఉండిపోయినాయేమో. లేదా పసుపు, వేపాకు కొట్టినాయేమో. ఏదనేది తెలీదు."

"తెలీదు" అన్న మాట వినగానే జనంలో కొత్త చలనం వచ్చింది. ఇంతవరకు మేం అన్నీ తెలిసినవాళ్లం, వాళ్లు వినాల్సినవాళ్లు. ఇప్పుడు మాకూ తెలీదు. అయితే పందెం కాయొచ్చు.

"మా పసుపు ఏ ప్రాణికీ చెరుపు చెయ్యదు," అంది పెద్దమ్మ.

"మా బోరు నీళ్లకేం వచ్చింది? పసుపే చేసింటాది!" అన్నాడు సర్పంచి.

"ఏందీ? పసుపా? మీ యింట్లో బాలింతకు ఏం పూసినారు అబ్బయ్యా, సిమెంటా?"

అక్క నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అప్పుడు చేశాను. పంచాయతీ మైకు తీసి సర్పంచి చేతికిచ్చాను. "అన్నా, పోటీ పెడదామా?"

నాలుగు తొట్లు పెట్టాం. మొదటిది సర్పంచిది: ఏటి మట్టి, బోరు నీళ్లు. రెండోది సంఘానిది: ఏటి మట్టి, క్యాను నీళ్లు, అందులో పసుపు, వేపాకు. మూడోది మాది: ఏటి మట్టి, ఉత్త క్యాను నీళ్లు. ఇంతలో పుత్తూరు కట్టు గురించి అడిగినాయన మళ్లీ చెయ్యెత్తాడు.

"పురుగులు మట్టిలోంచి కాకుండా క్యానులోంచే వస్తే? ఆ క్యానులు ఎప్పుడు కడిగినారో ఆ దేవుడికే తెలియాల."

సారు కుర్చీలోంచి లేచాడు. ఆయన ముఖం వెలిగిపోవడం అదే మొదటిసారి చూశాను. "అడగాల్సిన ప్రశ్న అదప్పా! నా విద్యార్థులు కూడా అడగరు." ఆ ప్రశ్న కోసం నాలుగో తొట్టి వచ్చింది: రోడ్డు మీది మట్టి, క్యాను నీళ్లు. అందులో ఏదన్నా పుడితే తప్పు క్యానుది.

దోమలు గుడ్లు పెట్టకుండా నాలుగింటికీ పైన దోమతెర కట్టాం. వరండా గ్రిల్లుకు తాళం వేశాం. తాళంచెవి సర్పంచి దగ్గరే ఉంచాం, పంచాయతీ ఆయనది కాబట్టి. ఈ వివరం గుర్తుపెట్టుకోండి. గ్రామసభ రోజు ఉదయం జనం ముందు తాళం తీసి చూద్దామన్నారు. మధ్యలో కొన్ని రోజులు మేం తిరుపతిలో ఉండిపోయాం.

ఆ రోజులు ఊరు ఎలా గడిపిందో తర్వాత తెలిసింది. గ్రిల్లు బయట నిలబడి ఫోను లైటు కొట్టి చూడటం. "మూడోదాంట్లో ఏదో కదిలింది" అని ఒకరు, "నీ కన్ను కదిలింది" అని ఇంకొకరు. పాలకేంద్రంలో అదే మాట, బస్టాపులో అదే మాట. తిరుపతి ఆసుపత్రిలో ఉన్న ఒకాయన ఫోను చేసి, తన ఆపరేషన్ సంగతి చెప్పకుండా మొదటి తొట్టి ఏమైందని అడిగాడట. జనానికి చెప్పే ఉద్యోగి తిరుపతిలో ఫ్యాను కింద కూర్చుని ఉండగా, జనం ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

గ్రామసభ రోజు వచ్చింది. అంత జనాన్ని ఆ వరండా ఓట్లప్పుడు కూడా చూసి ఉండదు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అది ఆయన పడ్డ కంగారుకు గుర్తు. సర్పంచి వచ్చాడు, తాళం తీశాడు. నాలుగో తొట్టి ముందు చూశాం. రోడ్డు మట్టి, బురద నీళ్లు, ఇంకేమీ లేదు. క్యాను నిర్దోషి. మూడోది, మాది.

దోమతెర తీయగానే సారు వంగి చూసి, పక్కకు జరిగి, వెనకనున్న పిల్లతల్లికి చోటిచ్చాడు. ఆమె చూసి, "యమ్మా!" అంది. తొట్టి నిండా కదలిక. గింజలంత గుల్లపురుగులు తిరుగుతున్నాయి, చుక్కలంత నీటిపురుగులు గెంతుతున్నాయి. వాటి మధ్యలో గాజు రొయ్యలు, వెల్లకిలా, ఈకల్లాంటి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఊపుకుంటూ, ఎవరినీ లెక్కచెయ్యకుండా ఈదుతున్నాయి. రెండేళ్లుగా చినుకు చూడని మట్టి అది. జనం తోసుకున్నారు. ఎవరో ఈల వేశారు. ఆ ఈల నాదేనని అక్క అంటుంది, నాకు గుర్తులేదు.

రెండోది, పసుపు తొట్టి. తెట్టు తప్ప ఏమీ లేదు. అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు. ఆమె కొంగు బిగించింది.

"ఏం సూస్తారు నన్ను? గెలిచింది మేమే. పసుపు, వేపాకు యేసినాక గూడా పురుగు పుడితే ఇంక వాటికి విలువేముండాది? ఇల్లాళ్లు ఇన్నాళ్లూ గుమ్మాలకు ఊరికే పూస్తా ఉండారా?"

సంఘం చప్పట్లు కొట్టింది.

ఇక మొదటిది, బోరు నీళ్ల తొట్టి. సర్పంచి స్వయంగా తెర తీశాడు. తీసి, మీసం మెలితిప్పి, పక్కకు తిరిగి నిలబడ్డాడు, ఫోటోకు నిలబడినట్టు. తొట్టిలో రొయ్యలున్నాయి!

సారు నోరు తెరిచాడు. పాతికేళ్ల శాస్త్రం ఒక్క బిందె నీళ్లలో కొట్టుకుపోతోంది. అక్క మాత్రం వంగి చాలాసేపు చూసింది. నన్ను మోచేత్తో పొడిచింది. చూస్తే ఈ రొయ్యలు మా తొట్టిలోవాటి కంటే బాగా చిన్నవి. ఒకే రోజు నీళ్లు పోసిన తొట్లలో ఒకవైపు అక్కలు, ఒకవైపు చంటిపిల్లలు. అక్క మీటరు ముంచింది. అంకె చూసి నాకు చూపించింది. మూడో తొట్టిలో ఉన్న అంకే, అటూ ఇటుగా. ఇవి బోరు నీళ్లు కావు. మధ్యలో ఎప్పుడో ఎవరో పాత నీళ్లు వంపేసి క్యాను నీళ్లు పోశారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి.

నాకు విషయం అర్థమైంది. సర్పంచి తొట్టి ఒట్టిగా ఉంది, మా తొట్టిలో ఏదో కదులుతోంది, ఊరంతా గ్రిల్లు పట్టుకుని చూస్తోంది. ఎన్ని బోర్లు దుమ్ము కక్కాకో దొరికిన మొదటి నీళ్లు అవి. ఆ నీళ్లు ఓడిపోవడం ఆయన చూడలేకపోయాడు. అంతే. ఒంపు సంగతి, తీర్మానం సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తే లేదు.

"అక్కా, ఏం చేస్తాం?" అన్నాను గుసగుసగా. చెబితే సర్పంచి పరువు పోతుంది, పరువు పోయినవాడు కోపంతో గ్రావెల్ తోలిస్తాడు. చెప్పకపోతే బోరు నీళ్లకు రొయ్యలు పుడతాయని ఊరు నమ్ముతుంది, ఆ పాపం మాది.

అక్క మైకు తీసుకుంది. తక్కువ మాటల మనిషి మైకు తీసుకుంటే జనం సద్దుమణుగుతారని ఆ రోజు తెలిసింది.

"మూడో తొట్టి ఫలితం మేం ఒప్పుకుంటాం. తియ్యటి నీళ్లకు పుడతాయి. రెండో తొట్టిదీ ఒప్పుకుంటాం. మొదటి తొట్టి నీళ్లు మళ్లీ పరీక్ష చెయ్యాల, అప్పటిదాకా దాన్ని లెక్కలోకి తీసుకోం." సర్పంచి మీసం మీది చెయ్యి ఆగింది. ఆమె ఆగలేదు. "కానీ అందులో రొయ్యలున్నాయి, అది నిజం. సర్పంచి గారూ, అవి ఎక్కడివో మీరే చెప్పండి."

మైకు ఆయన చేతికిచ్చింది. నా దగ్గర నేర్చుకున్న విద్యే.

"యాడివంటే..." సర్పంచి గొంతు సవరించుకున్నాడు. మైకు దొరికితే ఆయన ఆగే మనిషి కాదు. "మన యేటివి! మన ఒంపు మట్టిలోవి! రెండేండ్లు వాన లేకపోయినా సావకుండా పడుకున్యాయి సూడండి, అదీ మన ఊరి మట్టి! రాయలసీమ పౌరుషం!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆగేలోపే పెద్దమ్మ లేచింది.

"సరే నైనా. మన యేటివి, మన ఒంపువి. ఆ ఒంపు మీదనే కదా గ్రావెల్ తోలాలని ఈ పొద్దు సభ పెట్టినావు? ఒక సేత్తో నీళ్లు పోసి పుట్టిస్తివి, ఇంగో సేత్తో పూడ్సిపెడతావా?"

సర్పంచి తొట్టి వైపు చూశాడు. చంటి రొయ్యలు కాళ్లు పైకి పెట్టి ఈదుతున్నాయి. సారు ఇస్త్రీ చొక్కా వీపున తడిసిపోయింది. పుత్తూరు కట్టు గురించి అడిగినాయన ఎవరూ అడక్కుండానే అందుకున్నాడు:

"వెన్నెముక లేకుండా అవి నిలబడినాయి సర్పంచీ. నీకు ఉండాదిగా?"

నవ్వు పైకప్పుకు తగిలింది. అందరికంటే గట్టిగా నవ్వింది సర్పంచే. నవ్వి, చేతిలో ఉన్న తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒంపు జోలికి ఎవురూ పోవద్దు. బండ్లు రోడ్డు పక్కన మా బీడులో నిలపండి ఈ యేడు."

త్యాగమని కళ్లు తుడుచుకోకండి. ఆ బీడు పక్కన టీ కొట్టు ఆయన బామ్మర్దిది. కోతలన్నాళ్లూ అక్కడ టీ దొరకడానికి క్యూ కట్టాల్సి వచ్చింది. ట్రాక్టర్ల క్యూ తగ్గింది, టీ క్యూ పెరిగింది.

సారు ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాడని అక్క చెబుతుంది. నేను చూసినంతవరకు కిటికీ అద్దం సగం పగిలి దుమ్ము కొడుతోంది. ఏది నిజమో తేల్చడానికి మీటరు లేదు.

అక్టోబరులో పడే ఐప్పసి వానలకు ఏరు వచ్చింది. సర్పంచే ఫోను చేశాడు. మేం వెళ్లేసరికి మొదటి ఉరవడి తగ్గిపోయింది. ఒంపులో గుంటలు నిండి, అంచుల్లో కొంగలు దిగి, అంతకాలం మేం భూతద్దంలో వెతికినవన్నీ దోసిలికి దొరుకుతున్నాయి. సర్పంచి పంచె ఎగ్గట్టి నీళ్లలో నిలబడ్డాడు.

"ఆ మిషను ఇట్లియ్యమ్మా," అని అక్క చేతిలోంచి మీటరు తీసుకుని ముంచాడు. అంకె చూశాడు. "మా బోరు కంటే శానా తక్కువ."

"అవును సార్," అంది అక్క.

కాసేపు గులకరాయిని కాలితో దొర్లించాడు. "ఆ పొద్దు మొదటి తొట్టిలో..."

"తెలుసన్నా," అన్నాను.

"ఎట్లా తెలుసు?"

"మీ బోరు నీళ్లు అంత బాగుంటే మీ ఇంట్లో క్యాను ఎందుకు వేయించుకుంటారు?"

ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచాడు. వెన్నెముక ఉండటం ఆ రోజు పనికొచ్చింది. "రాసుకో అమ్మా, నీళ్లు మార్చినారని రాసుకో," అన్నాడు అక్కతో. "పేరు మాత్రం వద్దు."

ఆ పేరు మేం ఇప్పటికీ రాయలేదు, గమనించే ఉంటారు.

ఇక ఆఖరు సంగతి. నా ప్రాజెక్టు గడువు తీరే ముందు ఏదో పని మీద పుత్తూరులో ఒక ఫ్లెక్సీ కొట్టుకు పోయాను. లోపల ఒక పెద్ద గొంతు కొట్టు కుర్రాడిని చీల్చి చెండాడుతోంది. సర్పంచి. ఒంపు దగ్గర కట్టడానికి ఫ్లెక్సీ వేయించాడు. అందులో ఆయన ఫోటో మనిషంత, రొయ్య ఫోటో కూడా మనిషంత. ఫోటో తలకిందులుగా వచ్చిందనుకుని ఆ కుర్రాడు మర్యాదగా రొయ్యను తిప్పి, కాళ్లు కిందికి పెట్టి, నిటారుగా అచ్చు వేశాడు.

"మా రొయ్య అట్లా ఈదదప్పా! వెల్లకిలా ఈదుతాది. కాళ్లు పైకే ఉంటాయి, ఆ కాళ్లతోనే గాలి పీల్చుకుంటాది, ఆ కాళ్లతోనే మేత తింటాది. వాన నీళ్లు తగిలితేనే లేస్తాది, ఉప్పు నీళ్లకు లెయ్యదు. ఏండ్ల తరబడి మట్టిలో గుడ్డుగా ఉంటాది. తెలీకుంటే అడగాల! నీ యిష్టం వచ్చినట్ల తిప్పేస్తావా?"

కొట్టు కుర్రాడు నోరు తెరుచుకుని విన్నాడు. వెనక బిల్లు కోసం నిలబడ్డ పెళ్లి కార్డులాయన కూడా విన్నాడు. "గుడ్డు నిజంగానే అన్నేండ్లు ఉంటాదా సార్?" అని అడిగాడు. సర్పంచి స్టూలు లాక్కుని కూర్చుని, మొదటినుంచి మొదలుపెట్టాడు.

నేను లోపలికి పోకుండా మెట్ల మీంచే వెనక్కి తిరిగాను. జనానికి చెప్పడమే కదా నా ఉద్యోగం. ఆ పని లోపల జరుగుతోంది, నాకంటే బాగా, నాకంటే గట్టిగా. ఇక రిటైరైనా ఫర్వాలేదనిపించింది.

కొత్త ఫ్లెక్సీ ఇప్పటికీ ఒంపు దగ్గర ఉంది. రొయ్య సరిగ్గా తలకిందులుగా ఉంది. సర్పంచి మాత్రం నిటారుగానే ఉన్నాడు.